చలి దేశాల పాత ఇళ్లకు ఇన్సులేషన్

శీతాకాలంలో ఇంట్లో పుట్టించిన వేడి గోడలు, పైకప్పు, నేల గుండా బయటికి పోకుండా అడ్డుకునే పొరను ఇన్సులేషన్ అంటారు. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో, కెనడాలో, బ్రిటన్‌లో ఎనభై ఏళ్లు, నూరేళ్లు దాటిన ఇళ్లు లక్షల్లో ఉన్నాయి. వాటిని కట్టిన కాలంలో బొగ్గు చవక, కట్టెలు చవక. చెక్క గోడ లోపలి ఖాళీని ఖాళీగానే వదిలేసేవారు; ఇటుక గోడనైతే దళసరిగా కట్టి ఊరుకునేవారు. ముందుచూపున్న గృహస్థులు కొందరు రంపపు పొట్టో పాత వార్తాపత్రికలో కూరేవారు. బోస్టన్‌కు చెందిన క్యాబట్ కంపెనీ ఎండిన సముద్రపు గడ్డిని దళసరి కాగితాల మధ్య కుట్టి బొంతల్లా అమ్మింది. ఇలాంటివి అరుదు. 1973 చమురు సంక్షోభం తర్వాత ఇంధనం ధర ఆకాశాన్నంటడంతో, కట్టి ఉన్న ఇంటికి ఇన్సులేషన్ పెట్టడం ఒక వృత్తిగా స్థిరపడింది. మినియాపొలిస్‌లోనో బోస్టన్ శివార్లలోనో పాత ఇల్లు కొన్న తెలుగువారికి మొదటి చలికాలం గ్యాస్ బిల్లుతో పాటే ఈ వ్యవహారమూ గడప దాటి లోపలికి వస్తుంది. అప్పుడు దొరికే సమాచారమంతా దాదాపు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఫైబర్‌గ్లాసా, సెల్యులోజా, నురుగా? గత యాభై ఏళ్ల అనుభవం చూస్తే ఇది మూడో నాలుగో స్థానంలో అడగాల్సిన ప్రశ్న. పాత ఇంట్లో ఫలితాన్ని తేల్చేవి ముందు జరిగే పరీక్ష, పని చేసే వరస, పనివాడి చేతి ఒడుపు, చివర జరిగే కొలత. ఇల్లుగలవాడు డబ్బిచ్చి కొనవలసిందీ వీటినే. సరుకు ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది.

లెక్క నుంచి మొదలుపెడితే సంగతి త్వరగా తెలుస్తుంది. అమెరికాలో ఇన్సులేషన్ సామర్థ్యాన్ని ఆర్-విలువతో చెబుతారు; ఆ అంకె ఎంత పెద్దదైతే వేడిని అంతగా ఆపుతుందని అర్థం. సెల్యులోజ్‌కు అంగుళానికి సుమారు 3.5, ఫైబర్‌గ్లాస్ పరుపులకు దాదాపు అంతే లేదా కాస్త తక్కువ, గట్టి రకం పాలియురిథేన్ నురుగుకు 6 నుంచి 7. 2021 నాటి అంతర్జాతీయ ఇంధన పొదుపు నియమావళి చలి ప్రాంతాల్లో కొత్త ఇళ్ల అటక మీద ఆర్-60 ఉండాలంటుంది. సెల్యులోజ్‌తో అయితే అది అడుగున్నరకు కాస్త తక్కువ మందం. ఇప్పుడు వెయ్యి చదరపు అడుగుల అటకను తీసుకుందాం. అందులో 950 అడుగుల మేర ఆర్-38 చక్కగా పరిచారు. మిగిలిన 50 అడుగులు, అంటే మడత నిచ్చెన తలుపు, చేయి అందని మూలలు, దీపాల చుట్టూ వదిలేసిన ఖాళీలు కలిపి, ఆర్-2 దగ్గరే ఉండిపోయాయి. బయటికీ లోపలికీ ఒక్కో ఫారెన్‌హీట్ డిగ్రీ తేడాకు పెద్ద భాగం నుంచి గంటకు 25 బీటీయూల వేడి పోతుంది. చిన్న భాగం నుంచి పోయేదీ సరిగ్గా 25. మొత్తం అటక సగటు ఆర్-20కి పడిపోతుంది. నూటికి ఐదు వంతుల అశ్రద్ధ సగం పనిని మింగేసిందన్న మాట. ఆర్-38 స్థానంలో ఆర్-60 పరిచినా ఆ చిన్న భాగం మింగేది మింగుతూనే ఉంటుంది. బస్తాల లెక్కతో పనిని బేరమాడేవారు ముందుగా చూడవలసిన గణితం ఇది.

పైన చెప్పింది పదార్థం గుండా పాకే వేడి సంగతి మాత్రమే. గాలి మోసుకుపోయే వేడి వేరే ఉంది. పాత ఇళ్లలో అసలు దొంగ తరచూ అదే. దీన్ని మొదట స్పష్టంగా పట్టుకున్నది ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ బృందం. 1970లలో రాబర్ట్ సోకొలో నాయకత్వంలో వాళ్లు న్యూజెర్సీలోని ట్విన్ రివర్స్ అనే నివాస సముదాయంలో ఇంధన వాడకాన్ని ఏళ్ల తరబడి కొలిచారు. అటకల్లో ఇన్సులేషన్ ఉంది. లెక్క ప్రకారం పోవలసిన వేడి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పోతోంది. గౌతమ్ దత్, ఆయన సహచరులు వెతగ్గా తేలిందేమిటంటే, పొగగొట్టం చుట్టూ వదిలిన ఖాళీ, రెండిళ్ల మధ్య గోడలోని సందులు, పైపులు పైకి పోయే దారులు అన్నీ కలిసి ఇన్సులేషన్‌ను పక్కన పెట్టి, వెచ్చటి గాలిని నేలమాళిగ నుంచి నేరుగా అటకకు చేరుస్తున్నాయి. వెచ్చటి గాలి తేలిక కనుక పైకి లేస్తుంది, పై సందుల గుండా బయటపడుతుంది, ఖాళీ అయిన చోటికి కింది సందుల నుంచి చలిగాలి వచ్చి చేరుతుంది. బయట ఎంత చలి ఉంటే ఈ ప్రవాహం అంత జోరు. ట్విన్ రివర్స్ ఇళ్లు అప్పటికి కొత్తవి. నూరేళ్ల ఇంట్లో ఇలాంటి దారులు ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు. అనుభవమున్న పనివాడు పాత అటకలోకి ఎక్కగానే ఫైబర్‌గ్లాస్ పరుపుల అంచులు ఎత్తి చూస్తాడు. అడుగున నల్లటి మరకలు కనిపించిన చోటల్లా కింద సందు ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ పరుపు గుండా పోయిన గాలి తనలోని దుమ్మును అక్కడ వదిలి పోయింది. ఇంటివాళ్లు దాన్ని బూజు అనుకుంటారు. వేడి మాత్రం ఆ పరుపులో ఆగలేదు. అలాంటి పరుపు మీద ఇంకో పరుపు వేసి బిల్లు రాసే వ్యాపారులకు కొదవ లేదు.

ఈ గాలిని కొలిచే సాధనం బ్లోవర్ డోర్. వీధి తలుపు చట్రంలో గుడ్డతో కూడిన సర్దుబాటు ఫ్రేమును బిగించి, దానిలో పెద్ద ఫ్యాను పెట్టి, ఇంట్లో గాలిని బయటికి లాగుతారు. లోపలికీ బయటికీ 50 పాస్కళ్ల పీడన భేదం నిలబడేలా చేసి, దానికి ఫ్యాను ఎంత గాలి తోడవలసి వచ్చిందో చూస్తారు. ఇంట్లోని గాలి మొత్తం గంటకు ఎన్నిసార్లు మారిందన్నది చివరి అంకె. స్వీడన్‌లోనూ ప్రిన్స్‌టన్‌లోనూ 1970లలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతి కెనడాలోని రెజైనా నగరంలో 1977లో కట్టిన సస్కాచువాన్ కన్జర్వేషన్ హౌస్‌కు ఎంతో అక్కరకొచ్చింది. హెరాల్డ్ ఓర్, ఆయన తోటి ఇంజనీర్లు రూపొందించిన ఆ ఇంట్లో దళసరి గోడలతో పాటు గాలి బిగువు కూడా అసాధారణం: గంటకు 0.8 సార్లు. తర్వాతి కాలంలో జర్మనీలో పుట్టిన పాసివ్ హౌస్ ప్రమాణం కొత్త ఇళ్లకు 0.6 అడుగుతుంది, పాత ఇళ్లను బాగుచేసేటప్పుడు 1.0 వరకు ఒప్పుకుంటుంది. చెయ్యి పెట్టని పాత ఇంట్లో అదే అంకె పదో పదిహేనో వస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. ఫ్యాను తిరుగుతుండగా ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో గదులు తిరిగితే, కిటికీ చట్రాల వెంట, నేల అంచు చెక్కల వెంట, లోపలి గోడల్లో కూడా చలి చారలు కనిపిస్తాయి. ఇంటి మధ్యలో ఉన్న గోడ చల్లగా ఎందుకుంటుందని ఇంటివాళ్లు అడుగుతారు. ఆ గోడ తల అటకలోకి తెరుచుకుని ఉండటమే కారణం. ఈ పరీక్ష పనికి ముందోసారి, తర్వాతోసారి జరగాలి. తర్వాత జరిగే పరీక్ష లేకపోతే ముందు జరిగినది అమ్మకానికి చేసిన ఆర్భాటమే.

పరీక్ష చెప్పిన దాన్ని బట్టి పని వరస తేలుతుంది. చలి ప్రాంతపు పాత చెక్క ఇంట్లో ఈ వరస చాలావరకు ఒకేలా ఉంటుంది: ముందు అటక నేలలోని సందులు మూయడం, తర్వాత అటకలో ఇన్సులేషన్, ఆ తర్వాత పునాది గోడ మీద చెక్క దూలాలు ఆనే అంచు, చివరికి గోడలు. కిటికీలు మార్చడం ఇంకా చివర. అందరికీ ముందు కనిపించేవి కిటికీలే కాబట్టి, అమ్మకందారులు మొదట తలుపు తట్టేది మాత్రం వాటి కోసమే. గోడల పనిలో ఒక ప్రత్యేకత ఉంది. 1830ల షికాగోలో మొదలై 1930ల దాకా సాగిన బెలూన్ ఫ్రేమింగ్ అనే పద్ధతిలో గోడలోని నిలువు చెక్కలు పునాది నుంచి పైకప్పు దాకా ఏకంగా పోతాయి. రెండు నిలువు చెక్కల మధ్య ఖాళీ రెండంతస్తుల ఎత్తున పొగగొట్టంలా పనిచేస్తుంది. నిప్పంటుకుంటే మంట కూడా ఆ దారినే ఎక్కుతుంది. ఇలాంటి గోడలో ఏదో ఒకటి వదులుగా నింపితే గాలి ఆగదు. అందుకే సెల్యులోజ్‌ను ఒత్తిడితో దట్టించే పద్ధతి వచ్చింది. బయటి పలకల్లో ఒక వరసను ఊడదీసి, వెనక చెక్కకు రెండంగుళాల రంధ్రం పెట్టి, పొడవాటి గొట్టాన్ని ఖాళీలో పైదాకా తోస్తారు. లారీలోని యంత్రం బోరాన్ లవణాలు కలిపిన కాగితపు పొట్టును ఊదుతుంది. ఖాళీ నిండి పొట్టు బిగుసుకున్నప్పుడు మోటారు మోత మారుతుంది, చేతిలో గొట్టం మొరాయిస్తుంది. పనివాడు అప్పుడు ఒక అడుగు వెనక్కి లాగి మళ్లీ ఆగుతాడు. ఘనపుటడుగుకు మూడున్నర పౌన్ల సాంద్రత వస్తే పొట్టు ఏళ్లు గడిచినా కిందికి దిగదు, గాలినీ బాగా నిలువరిస్తుంది. తొందరపడి రెండు పౌన్లతో సరిపెడితే కొన్నేళ్లకు గోడ పైభాగం ఖాళీ అవుతుంది. బయటి నుంచి చూస్తే రెండు గోడలూ ఒకటే. తేడా కెమెరాకే తెలుస్తుంది.

వేడి తర్వాత ఆలోచించవలసింది తేమ. పాత ఇళ్ల విషయంలో అపోహలూ, నిజమైన నష్టాలూ ఎక్కువగా ఉన్నది ఇక్కడే. 20 డిగ్రీల సెల్సియస్ గదిలో సాపేక్ష ఆర్ద్రత 40 శాతం ఉంటే, ఆ గాలి 6 డిగ్రీల ఉపరితలాన్ని తాకగానే నీరవుతుంది. మినియాపొలిస్ జనవరిలో పైకప్పు చెక్క అడుగుభాగం సున్నాకు ఎంతో దిగువన ఉంటుంది. వెచ్చటి తేమగాలి అక్కడికి చేరితే మంచుగా పేరుకుని, ఎండ పొడ తగిలిన రోజున కారుతుంది. ఆ గాలి చేరేది ప్రధానంగా సందుల గుండానే. బిల్డింగ్ సైన్స్ పాఠాల్లో తరచూ వినిపించే పోలికొకటి ఉంది: ఒక చలికాలంలో నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న జిప్సం పలక గుండా ఆవిరిగా దాటే నీరు సుమారు 300 మిల్లీలీటర్లు, అదే పలకలో చదరపు అంగుళం రంధ్రం ఉంటే గాలితో పాటు దాటే నీరు 28 లీటర్లు. ఇల్లు మారితే అంకెలూ మారతాయి, నిష్పత్తి మాత్రం పనివాళ్లు గుర్తుంచుకోవలసినదే. సందులు మూయకుండా ఇన్సులేషన్ పరిస్తే పైకప్పు మునుపటి కంటే చల్లబడుతుంది, తేమగాలి మాత్రం మునుపటిలాగే వస్తుంది. పని చేయించాక ఇంటి పరిస్థితి ఇంకా చెడింది అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. చూరు అంచున పేరుకునే మంచు గడ్డలూ ఈ కోవలోవే: కారిపోయే వేడికి పైకప్పు మీది మంచు అడుగున కరిగి, నీరు చల్లటి చూరు దాకా జారి మళ్లీ గడ్డకట్టి, వెనక చేరే నీటిని పెంకుల కిందికి తోస్తుంది. రోజుకు రెండు పూటలా అన్నం, పప్పు ఉడికే ఇంట్లో పొయ్యి మీది ఫ్యాను ఆవిరిని బయటికే పంపాలి. అటకలోకి వదిలే ఫ్యాన్లు పాత ఇళ్లలో విడ్డూరమేమీ కాదు, వాటిని సరిచేయడం కూడా ఇన్సులేషన్ పనిలో భాగమే. ఇటుక ఇళ్లకు ఇంకో చిక్కుంది. గోడకు లోపలివైపు దళసరి ఇన్సులేషన్ వేస్తే ఇటుకకు ఇంటి వేడి అందదు. అది తడిసి ఆరడానికి ఎక్కువ కాలం పడుతుంది. తక్కువ కాల్చిన పాత మెత్తటి ఇటుక అయితే, తడి మీద గడ్డకట్టి కరిగే చక్రాల్లో పొరలు పొరలుగా రాలే ప్రమాదం ఉంటుంది. అక్కడ చూరు, కాలువలు, సున్నపు దరజులు సరిచేయకుండా గోడ జోలికి పోకూడదు.

పాత ఇల్లు దాచుకున్న ప్రమాదాలు వేరే ఉన్నాయి. నిపుణుల అవసరం గురించి వాదించేవారికి అన్నిటికంటే బలమైన ఆధారం ఇదే. 1880ల నుంచి 1930ల వరకు అమెరికాలో వేసిన నాబ్ అండ్ ట్యూబ్ వైరింగ్‌లో తీగలు పింగాణీ గుబ్బల మీద విడివిడిగా, చుట్టూ గాలి ఆడుతూ పోతాయి. వాటి చుట్టూ ఇన్సులేషన్ కూరితే తీగ చల్లబడే దారి మూసుకుపోతుంది. అమెరికా జాతీయ విద్యుత్ నియమావళి దీన్ని నిషేధిస్తుంది. అటకలో గులకరాళ్లలా కనిపిస్తూ తేలికగా ఉండి మెరిసే వెర్మిక్యులైట్ ఉంటే, అది మోంటానాలోని లిబ్బీ గని నుంచి వచ్చిందై ఉండవచ్చు. 1990లో మూతపడ్డ ఆ గనిలోని ఖనిజంలో ఆస్బెస్టాస్ కలిసి ఉండేది, కాబట్టి ఆస్బెస్టాస్ ఉందనే భావించి కదపవద్దని అమెరికా పర్యావరణ సంస్థ సూచిస్తుంది. 1978కి ముందటి ఇంట్లో రంగులో సీసం ఉండవచ్చు. గోడకు రంధ్రాలు పెట్టే సంస్థకు అందుకు ప్రత్యేక ధ్రువీకరణ కావాలి. కెనడాలో 1970ల చివర ప్రభుత్వ సబ్సిడీల కాలంలో గోడల్లోకి పంపిన యూరియా ఫార్మాల్డిహైడ్ నురుగును 1980 డిసెంబరులో నిషేధించాల్సి వచ్చింది. ఈ జాబితాలోని ఏ ఒక్కదాన్నీ ఆర్-విలువ పట్టిక హెచ్చరించదు. పైకెక్కి చూసిన మనిషే చెప్పాలి.

ఇక అభ్యంతరాలు. వాటిలో బలమైనది డబ్బు గురించి: చెప్పినంత పొదుపు రాదు. ఇది గాలి కబురు కాదు. అమెరికాలో 1976 నుంచి పేద కుటుంబాల ఇళ్లను బాగుచేస్తున్న వెదరైజేషన్ కార్యక్రమాన్ని మిషిగన్ రాష్ట్రంలో ముప్పై వేలకు పైగా కుటుంబాలతో పరిశీలించి, ఫౌలీ, గ్రీన్‌స్టోన్, వుల్‌ఫ్రమ్ అనే ఆర్థికవేత్తలు 2018లో ఫలితాలు ప్రచురించారు. నెలవారీ ఇంధన వాడకం 10 నుంచి 20 శాతం తగ్గింది. ఇంజనీరింగ్ లెక్కలు చూపిన పొదుపు మాత్రం అసలు వచ్చినదానికి మూడు రెట్లకు పైమాట. పెట్టిన ఖర్చు, మిగిలిన ఇంధనం విలువకు దాదాపు రెట్టింపు. ఈ అంకెలను పట్టుకుని ఇన్సులేషనే దండగ అన్నవారున్నారు. అయితే తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు ఇల్లినాయ్‌లోని అదే కార్యక్రమం మీద క్రిస్టెన్సన్, ఫ్రాన్సిస్కో, మైయర్స్, సోజా చేసిన అధ్యయనం జవాబు చెబుతుంది. అంచనాకూ వాస్తవానికీ మధ్య ఉన్న తేడాలో 41 శాతం దాకా లెక్క కట్టే పద్ధతిలోని పొరపాటు, ముఖ్యంగా గోడల ఇన్సులేషన్ గురించి చెప్పుకున్న గొప్పలు. మరో 43 శాతం పనితనంలోని హెచ్చుతగ్గులు. ఇల్లు వెచ్చబడ్డాక జనం విచ్చలవిడిగా హీటరు వాడేస్తారన్న ప్రసిద్ధ వాదన పాలు 6 శాతమే. బ్రిటన్ అనుభవం దీనికి తోడు నిలుస్తుంది: గట్టి ఇటుక గోడల వేడి నష్టానికి ప్రభుత్వ లెక్కల్లో 2.1 అనే అంకె వాడుతుండగా, నిజంగా గోడలకు మీటర్లు బిగించి కొలిస్తే సగటు 1.3 దగ్గర తేలింది. తర్వాత ఆ ప్రమాణాన్ని 1.7కి దించారు. జర్మనీలో మూడు వేలకు పైగా ఇళ్ల వివరాలు చూసిన కేంబ్రిడ్జ్ పరిశోధకులకు, జనం లెక్కలు చెప్పినదానికంటే సగటున 30 శాతం తక్కువ ఇంధనమే వాడుతున్నారని కనిపించింది. పాత ఇంటివాళ్లు అన్ని గదులూ వెచ్చబెట్టరు. వెచ్చబెట్టని గదిలో పొదుపు చేయడానికి ఏమీ మిగలదు. ఇదంతా కలిపి చూస్తే మిషిగన్ ఫలితం పదార్థాన్ని దోషిగా నిలబెట్టడం లేదు. చూడకుండా వేసిన అంచనా, చూసుకోకుండా చేసిన పని, ఈ రెండూ కలిస్తే నష్టం వస్తుందంటోంది. గోడలు చివర చేయమనడానికీ ఇదే కారణం.

పొదుపు ఒక్కటే లాభమా అన్నది మరో సంగతి. న్యూజిలాండ్‌లో ఫిలిప్పా హౌడెన్-చాప్‌మన్ బృందం ఏడు అల్పాదాయ ప్రాంతాల్లోని 1,350 ఇళ్లను యాదృచ్ఛికంగా రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు ముందుగా ఇన్సులేషన్ పెట్టించింది. 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం పడకగది ఉష్ణోగ్రత పెరిగింది అర డిగ్రీ మాత్రమే, ఆర్ద్రత 2.3 శాతం తగ్గింది, ఇంధనం మాత్రం మిగతా ఇళ్లలో వాడినదాంట్లో 81 శాతమే సరిపోయింది. పిల్లి కూతలు, జలుబు దగ్గులు, బడికీ పనికీ నాగాలు తగ్గాయని కుటుంబాలు చెప్పాయి. అర డిగ్రీకి ఇంత తేడానా అనిపిస్తుంది. చల్లటి తడి గోడ మూలల్లో పెరిగే బూజు సగటు ఉష్ణోగ్రతను అడిగి పెరగదు. ఆ మూల ఎంత చల్లగా ఉందన్నదే దానికి ముఖ్యం. ఇంధన బిల్లుతో మాత్రమే లెక్క తీర్చేవాళ్ల పద్దులో ఈ పంక్తి ఉండదు.

పాత ఇల్లు ఊపిరి పీల్చాలి, బిగించేస్తే కుళ్లిపోతుందన్నది రెండో అభ్యంతరం. ఇందులో సగం నిజం ఉంది. నూరేళ్ల ఇంటి గోడ తడిసినా ఆరిందంటే, దాని గుండా నిత్యం వేడి, గాలి పోతుండటమే కారణం. వాటిని ఆపినప్పుడు తడికి వేరే దారి చూపాలి. అటకలోంచి కారిపోయే గాలి మాత్రం ఊపిరి అనిపించుకోదు. అవసరం లేని చలిరాత్రి అది విపరీతంగా ఆడుతుంది, అవసరమైన ఉక్కపోత రోజున అసలే ఆడదు, పైగా నేలమాళిగలోని మట్టి వాసనను, కొన్నిచోట్ల రేడాన్ వాయువును వెంటబెట్టుకుని వస్తుంది. సందులు మూసి, ఎంత గాలి కావాలో అంత ఫ్యానుతో తెచ్చుకోవడం మేలు. ఎంత అన్నదానికి అమెరికాలో ఆష్రే 62.2 అనే ప్రమాణం ఉంది. ఈ అభ్యంతరంలో ప్రాణాపాయంతో కూడిన అంశం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పాత గ్యాస్ వాటర్ హీటరు తన పొగను సహజంగా చిమ్నీలోకి వదులుతుంది. ఇల్లు బిగిశాక వంటింటి ఫ్యాను, బట్టలారబెట్టే యంత్రం ఒకేసారి తిరిగితే, చిమ్నీలో గాలి ఎదురు తిరిగి కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. అందుకే బిల్డింగ్ పెర్ఫార్మెన్స్ ఇన్‌స్టిట్యూట్ లాంటి సంస్థల పద్ధతి ప్రకారం శిక్షణ పొందినవారు పని ముగించి వెళ్లేముందు ఫ్యాన్లన్నీ వేసి, తలుపులు మూసి, చిమ్నీ లాగుడు పరీక్షిస్తారు. అది చేయకుండా పెట్టె సర్దుకునే పనివాడికి ఇల్లు అప్పగించకూడదు.

నిపుణుడని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన పని బాగుంటుందా అని మూడో అభ్యంతరం. ఉండదు, దానికి దాఖలాలూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలో 2009లో హడావుడిగా మొదలైన ప్రభుత్వ ఇన్సులేషన్ పథకంలో శిక్షణ లేని నలుగురు యువ కార్మికులు చనిపోయారు. ముగ్గురు విద్యుత్ఘాతంతో, ఒకరు అటకలోని వేడికి. బ్రిటన్‌లో ప్రెస్టన్ నగరపు ఫిష్‌విక్ ప్రాంతంలో 2013లో మూడు వందలకు పైగా ఇళ్లకు బయటి గోడ ఇన్సులేషన్ వేస్తే నీరు లోపలికి చేరి గోడలు బూజుపట్టాయి. తర్వాత పీటర్ బాన్‌ఫీల్డ్ సమీక్ష, దాని వెంట 2019లో పాస్ 2035 ప్రమాణం వచ్చాయి. ఇల్లు పరీక్షించేవారు, పథకం వేసేవారు, సమన్వయం చేసేవారు, పని చేసేవారు, ఫలితం తూచేవారు అనే పాత్రలను విడివిడిగా నిర్వచించడం దాని సారం. కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. అయినా 2025 అక్టోబరులో బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం చెప్పిన సంగతి వింటే నోట మాట రాదు: రెండు ప్రభుత్వ పథకాల కింద గోడలకు బయటివైపు ఇన్సులేషన్ వేసిన ఇళ్లలో 98 శాతం, అంటే 22 నుంచి 23 వేల ఇళ్లు, సరిచేయవలసిన పెద్ద లోపాలతో ఉన్నాయి. గోడలకు లోపలివైపు వేసిన ఇళ్లలో ఇది 29 శాతం. ఉప గుత్తేదార్లకు పని అప్పగించడం, నైపుణ్యం కొరత, ధ్రువీకరణ సంస్థల పర్యవేక్షణ లోపం కారణాల్లో ఉన్నాయి. ఈ వ్యాసం వాదనకు ఇది దెబ్బ అనిపించవచ్చు. నిజానికి పరీక్ష, కొలత పత్రాల్లోనే జరిగి ఇంట్లో జరగకపోతే ఏమవుతుందో ఇంతకంటే స్పష్టంగా చూపడం కష్టం. ఇల్లుగలవాడే స్వయంగా చేసుకుంటే మేలు కదా అనేవారికి కూడా ఇక్కడే సమాధానం ఉంది. అటక సందులు మూయడం, బస్తాల సెల్యులోజ్ అద్దె యంత్రంతో ఊదడం ఓపికున్న వ్యక్తి చేయగలడు. చాలామంది బాగా చేస్తారు కూడా. గోడల్లో దట్టించడం, నురుగు చల్లడం, చిమ్నీ పరీక్ష మాత్రం సొంతంగా చేయదగినవి కావు. స్వయంగా చేసేవారు సైతం ముందూ వెనకా బ్లోవర్ డోర్ పరీక్షకు డబ్బు పెట్టడం మంచిది.

హీట్ పంపులు వచ్చాక నాలుగో మాట వినిపిస్తోంది: ఎలాగూ శుభ్రమైన విద్యుత్తుతో వేడి చేస్తున్నప్పుడు ఇన్సులేషన్ ఎందుకు? బయట చలి పెరిగేకొద్దీ హీట్ పంపు ఇవ్వగల వేడి తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే ఇంటి అవసరం పెరుగుతుంది. సందులు మూసి, అటక కప్పి ఇంటి అవసరాన్ని తగ్గిస్తే చిన్న యంత్రం చాలు, పాత రేడియేటర్లు తక్కువ వేడి నీటితోనూ సరిపోవచ్చు. అలాగని గోడలన్నీ పూర్తయ్యేదాకా హీట్ పంపు వాయిదా వేయమనడం కూడా అతి. అటక, సందులు, నేలమాళిగ అంచు ముందు, యంత్రం తర్వాత, గోడలు వాటి బయటి పలకలు మార్చే రోజు వచ్చినప్పుడు.

డబ్బు వ్యవహారం దేశానికో తీరు, ఏడాదికో తీరు. అమెరికాలో ఇన్సులేషన్ ఖర్చులో 30 శాతం, ఏటా 1,200 డాలర్లకు మించకుండా ఇచ్చిన ఫెడరల్ పన్ను రాయితీ 2025 చట్ట సవరణతో ఆ డిసెంబరు 31న ముగిసింది. మసాచుసెట్స్‌లో మాస్ సేవ్ లాంటి విద్యుత్, గ్యాస్ సంస్థల పథకాలు మాత్రం ఖర్చులో పెద్ద వాటా భరిస్తూ, దానికి ముందు ఇంటి తనిఖీ చేయిస్తున్నాయి. వినియోగదారుకు అండగా ఉన్న నిబంధన ఒకటి 1979 నాటిది: ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆర్-విలువ నియమం ప్రకారం, ఇన్సులేషన్ పెట్టినవారు ఎంత విస్తీర్ణంలో, ఎంత మందాన, ఏ ఆర్-విలువతో పెట్టారో, ఊదిన రకమైతే ఎన్ని బస్తాలు వాడారో రాసి రశీదు ఇవ్వాలి. బస్తాల మోసాన్ని ఈ నియమం బాగానే కట్టడి చేసింది. రశీదులో ఇంటి గాలి లెక్క మాత్రం ఉండదు. పనికి ముందు 50 పాస్కళ్ల దగ్గర ఎంత, పని తర్వాత ఎంత, చిమ్నీ పరీక్ష ఏ తేదీన జరిగింది అన్నవి కావాలంటే ఒప్పందం మీద సంతకానికి ముందే ఇల్లుగలవాడు అడిగి రాయించుకోవాలి, చివరి వాయిదా డబ్బును ఆ రెండో అంకెకు ముడిపెట్టాలి.